నాలుగు శనివారాల ఉప్పు

చెన్నైలో జరిగే శాస్త్రవేత్తల సదస్సులో మాట్లాడటానికి నన్ను ఎంపిక చేశామని మెయిల్ వచ్చిన రోజు నేను తొమ్మిదో తరగతిలో చేప గుండె బొమ్మ గీస్తున్నాను. చేప గుండెకు రెండు గదులుంటాయి. నేను మూడు గీశాను. పిల్లలు ఏమీ అనకుండా మూడు గదులూ నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. మధ్యాహ్నం బోర్డు వైపు చూసి నేనే ఉలిక్కిపడి, మళ్లీ అందరిచేతా కొట్టేయించాను.

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. పుట్టి పెరిగింది కొడవలూరు దగ్గర, వరి పండించే ఇంట్లో. ఉప్పునీళ్ల గురించి నాకు తెలిసిందంతా ఈ ఊరికి బదిలీ అయ్యాక తెలిసిందే. జిల్లాలు విడదీసినప్పుడు ఈ సరస్సు వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాది నెల్లూరనే చెబుతాం.

సదస్సుకు నేను పంపిన విషయం ఇది. మా బడి వెనక వీధిలో యాభై దాటిన ఒకామె ఉంది. భర్త పడవ మీద వేటకు వెళతాడు. ఆమె నడుములోతు నీళ్లలోకి దిగి చేత్తో రొయ్యలు పడుతుంది. నీళ్లలో దిగేముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ఇవాళ ఇక్కడ దిగొచ్చా, ఇంకా ముందుకు పోవాలా అని తేల్చుకుంటుంది. ఉప్పదనానికి ఆమెకు ఐదు పేర్లున్నాయి. చప్పిడి, జావ ఉప్పు, పులుసు ఉప్పు, ఊరగాయ ఉప్పు, చివరికి ఉమ్మేసే ఉప్పు. వానాకాలం ఏటి నీళ్లు దిగితే చప్పిడి, ఎండాకాలం సరస్సు ఇంకిపోయేటప్పుడు ఉమ్మేసేది.

బడిలో ఉప్పు కొలిచే చిన్న గొట్టం ఒకటి ఉంది. దాని గాజు పలక మీద చుక్క నీళ్లు వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే, నీలమూ తెలుపూ కలిసే గీత దగ్గర అంకె కనబడుతుంది. ఆమె నాలికా, మా గొట్టమూ ఒకే మాట చెబుతాయా అని చూడాలనిపించింది. ప్రతి శనివారం ఎనిమిది మంది పిల్లలు రేవు దగ్గరకు వెళ్లేవారు. ముందు ఆమె రుచి చూసి పేరు చెప్పేది. తర్వాత పిల్లలు ఆమెకు వినబడకుండా అంకె చూసి రాసేవారు. పదహారు వారాలు. పట్టికంతా ఒక అమ్మాయి చేతిరాత. పదో తరగతి పిల్ల, వాళ్ల నాన్న కూడా వేటకు వెళ్లేవాడే. గళ్లు స్కేలు పెట్టి గీసేది, ఎక్కడా ఒక్క దిద్దుబాటు ఉండేది కాదు. ప్రతి వారం కింద ఎర్ర ఇంకుతో నా సంతకం.

సదస్సులో సరస్సుల మీదా తీరం మీదా పరిశోధన చేసేవాళ్లు మాట్లాడతారు. సైన్సును జనంలోకి తీసుకెళ్లే పనుల గురించి ఒక పూట కేటాయించారు. ఆ పూట మాట్లాడేవాళ్ల జాబితాలో బడి టీచరును నేనొక్కదాన్నే. పన్నెండు నిమిషాలు, అదీ ఇంగ్లీషులో. నెల రోజుల పాటు నాకు అన్నం సహించలేదు. మా ఆయన ఫోనులో టైమరు పెట్టుకుని కూర్చునేవాడు. మొదటిసారి ఇరవై నిమిషాలైంది. రెండోసారి భయంతో గబగబా చదివితే ఏడు నిమిషాలకే అయిపోయింది. బస్సులో వెళుతూ పెదాలు కదిలిస్తుంటే పక్కనున్నావిడ ఏ స్తోత్రమని అడిగింది.

బయలుదేరడానికి ఐదు రోజుల ముందు, రొయ్యలు పట్టే ఆమె ఫొటో చూపించడానికి అనుమతి అడుగుదామని వాళ్లింటికి వెళ్లాను. గడపలో కూర్చుని వలలో చిక్కిన నాచు తీస్తోంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఫొటో చూపించాను. చీర కొంగు సరిగా లేదు, వేరేది పెట్టమంది. అక్కడ తన గురించి ఏం చెబుతావని అడిగింది. నాకు ఉత్సాహం వచ్చి పట్టిక తీసి వారం వారీగా చదివి వినిపించాను. ఏ శనివారం ఏ ఉప్పు చెప్పిందో, గొట్టంలో ఎంత వచ్చిందో. వినాయక చవితి దాటాక వచ్చిన వారాల దగ్గరకు వచ్చేసరికి ఆమె చేతిలో పని ఆపింది.

"ఆ వారాలు నేను ఊర్లో యాడుండాను టీచరమ్మా? మా పాప పురుడుకి నాయుడుపేటకి పోయినాను గదా. నెల రోజులు ఆణ్ణే ఉంటిని."

పొరపాటు పడుతోందేమో అనుకున్నాను. మనవడు పుట్టిన తేదీ ఎప్పుడక్కా అని అడిగాను. తేదీ చెప్పింది. గోడకున్న క్యాలెండరులో పెన్నుతో చుట్టిన గడి చూపించింది. నాలుగు శనివారాలు. ఆ నాలుగు గళ్లలోనూ ఆమె చెప్పినట్టు పులుసు ఉప్పు, పులుసు ఉప్పు, జావ ఉప్పు, జావ ఉప్పు అని ముత్యాల్లాంటి అక్షరాలు. కింద నా సంతకాలు.

ఆమె మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నేను లేకుండా నా నాలిక మాత్రం ఊర్లో ఉన్నిందా?" అంది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ నెలలో నేను రేవుకు వెళ్లలేదు, మిగతా నెలల్లోనూ వెళ్లింది తక్కువే. శనివారాలన్నీ శిక్షణ తరగతులకే పోయాయి. సోమవారం పిల్ల పుస్తకం తెస్తే, గళ్లు నిండి ఉన్నాయా లేదా అని మాత్రం చూసి సంతకం పెట్టేదాన్ని. అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. ఇంటికెళ్లి ఆ నాలుగు వారాలు తీసేసి చూశాను. గొట్టమూ నాలికా ప్రతిసారీ అచ్చంగా కలిసింది ఆ నాలుగు వారాల్లోనే. మిగతా పన్నెండింట్లో కొన్నిసార్లు కలిశాయి, కొన్నిసార్లు కలవలేదు. నేను ఇంగ్లీషులో బట్టీ పట్టిన చివరి వాక్యం, ఆమె నాలిక పరికరంతో సమానమన్న వాక్యం, ఆ నాలుగింటి మీదే నిలబడి ఉంది.

మర్నాడు ఇంటర్వెల్లో ఆ అమ్మాయిని ల్యాబులోకి పిలిచాను. తిట్టకూడదని ముందే అనుకున్నాను. పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టాను, అంతే. ఆ పిల్ల తల వంచుకుని నెమ్మదిగా చెప్పింది.

"మీరు పదహారు వారాలు కావాలంటిరి గదా మేడం. ఒక్క వారం తప్పినా పంపించేదానికి పనికిరాదంటిరి. అక్క లేకపోయేసరికి, గొట్టంలో వచ్చిన అంకె చూసి ఆమె అయితే ఏం చెప్తాదో నేనే రాసినాను."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎక్కడ నిలబడి అన్నానో కూడా గుర్తొచ్చింది. సైకిల్ స్టాండు దగ్గర, చేతిలో టిఫిన్ డబ్బాతో, బస్సుకు టైమైపోతుందన్న తొందరలో. పిల్లలు నా మాటను నేను అనుకున్న దానికంటే గట్టిగా పట్టుకున్నారు. మిగతా పిల్లలకు తెలుసా అని అడిగితే తెలుసంది. ఎవరూ నాకు చెప్పకపోవడం గురించి నేను అడగలేదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

సదస్సులో ఈ సంగతి చెప్పాలి, నీ పేరు మాత్రం చెప్పను అన్నాను. ఆ అమ్మాయి తలెత్తి, "మీకేమన్నా అయితాదా మేడం?" అని అడిగింది. ఏమీ కాదన్నాను. నాకే నమ్మకం లేని గొంతుతో చెప్పాను కాబట్టి తను నమ్మినట్టు లేదు.

హెడ్మాస్టరు గారికి చెప్పకుండా వెళ్లడం బాగుండదు. ఆయన ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, మంచి మనిషి. నేను సెలవు చీటీ పెట్టినప్పుడు సంతోషించి మొత్తం స్టాఫుకు టీ ఇప్పించారు. ఆ మర్నాడు ఆయన గదికి వెళ్లి చెప్పాను. అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు. ఎవరు అడుగుతారమ్మా, ఎవరు వచ్చి చూస్తారు అన్నారు. ఆ నాలుగు వారాలు తీసేసి ఆమె ఊళ్లో లేదని చెబితే సరిపోతుంది, పిల్లలు సొంతంగా రాశారని ఎందుకు చెప్పడం, రేపు ఎవరో దాన్ని పట్టుకుని పై ఆఫీసుకు రాస్తే బడికి మచ్చ, ఆ పిల్లకి మచ్చ అన్నారు. ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు. అదే నన్ను మరీ కలవరపెట్టింది. నిజంగానే ఆమె ఊళ్లో లేదు. ఆ ముక్క వరకు చెబితే అబద్ధం కాదు. కానీ పదహారు వారాలని నేను పంపిన సారాంశం అప్పటికే సదస్సువాళ్ల పుస్తకంలో అచ్చయింది.

తర్వాతి రోజు ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మా ఊళ్లో పదో తరగతి ఆడపిల్ల రెండు రోజులు రాకపోతే టీచర్లం లోపల్లోపల లెక్కలు వేసుకోవడం మొదలుపెడతాం. అంతకుముందు ఇద్దరు పిల్లలు అలాగే ఆగిపోయారు, ఒకమ్మాయి రొయ్యల కంపెనీలో చేరింది, ఇంకో అమ్మాయికి పెళ్లి చేశారు. వాళ్లింటికి వెళితే తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లలో కడుపునొప్పి అని ఒకరు, తల్లితో ఎటో వెళ్లిందని ఒకరు చెప్పారు. ఆ మర్నాడు పొద్దున నేను రైలెక్కాలి.

సూళ్లూరుపేటలో లోకల్ రైలు ఎక్కాను. దారి పొడవునా ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను. హెడ్మాస్టరు గారికి ఆ పిల్ల వచ్చిందేమో చూడమని మెసేజ్ పెట్టాను. స్టేషన్లో దిగేదాకా ఆయన చూసినట్టు రెండు నీలం గీతలు రాలేదు. సదస్సులో ఏం అడుగుతారోనన్న భయం వెనక్కి పోయి, ఆ అమ్మాయి ఏమైపోయిందోనన్న భయం ముందుకొచ్చింది. అది కాస్త తగ్గగానే మొదటిది మళ్లీ తన చోటికి వచ్చేది. రెండింటి మధ్య నేను కూర్చోలేక రైలు పెట్టెలో అటూ ఇటూ తిరిగాను.

సదస్సు జరిగే చోట మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. నా పేరు ముందు డాక్టర్ అని అచ్చయింది. నేను డాక్టర్ని కానని కౌంటరులో అమ్మాయికి చెప్పాను. ఇంకో కార్డు లేదు, పర్లేదు మేడమ్, అందరికీ అలాగే కొట్టేశాం అంది. పెన్ను తీసుకుని ఆ మాటను నల్లగా రుద్దేశాను. దాంతో కార్డు ఇంకా అనుమానంగా కనబడింది. చేయి అడ్డం పెట్టుకుని తిరిగాను.

నా వంతు భోజనాల ముందు, చివర్లో వచ్చింది. నా ముందు మాట్లాడినాయన కేటాయించిన టైము దాటి ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. వేదిక మీద సమావేశం నడుపుతున్న పెద్దావిడ నా దగ్గరకు వంగి, ఎనిమిది నిమిషాల్లో ముగించగలరా అని అడిగింది. నేను తలూపాను. అప్పుడు నాకు ఒక దారి కనబడింది. నాలుగు నిమిషాలు తగ్గాయి. ఆ నాలుగు వారాల సంగతి రాసిన స్లైడు చెప్పడానికి నాకు కావలసింది సరిగ్గా అంతే. టైము లేక వదిలేశానంటే నన్నెవరూ తప్పుపట్టరు. హెడ్మాస్టరు గారూ తప్పుపట్టరు. వేదిక మెట్లు ఎక్కుతున్నప్పుడు కూడా వదిలేద్దామనే అనుకున్నాను.

మొదలుపెట్టాను. రొయ్యలు పట్టే ఆమె ఫొటో వచ్చింది, కొంగు సరిగా ఉన్నది. ఐదు ఉప్పుల పేర్లు చెప్పాను. ఊరగాయ ఉప్పు దగ్గర వెనక వరుసలో ఎవరో నవ్వారు, ఇష్టంగానే. తర్వాత పట్టిక స్లైడు. అందులో నాలుగు గళ్లు బూడిద రంగులో ఉంచాను. ఆ రంగు ఎందుకో చెప్పకుండా ముందుకు వెళ్లడానికి నా వేలు మీట మీదే ఉంది. ఎందుకో నొక్కలేకపోయాను. ఈ నాలుగు వారాలు ఆమె ఊళ్లో లేదు, ఇవి నా విద్యార్థులు ఊహించి రాసినవి, ఖాళీ ఉండకూడదని వాళ్లకు చెప్పింది నేను, చూడకుండా సంతకం పెట్టిందీ నేనే అన్నాను. బట్టీ పట్టిన ఇంగ్లీషు కాదది. వ్యాకరణం ఎటుపోయిందో తెలియదు. చివరి వాక్యం నేను చదవలేదు. ఆమె నాలికా గొట్టమూ కొన్నిసార్లు కలిశాయి, కొన్నిసార్లు కలవలేదు, ఎందుకు కలవలేదో నాకు తెలియదు అన్నాను. అంతలో గంట కొట్టారు.

ముందు వరుసలో నుంచి ఒక యువకుడు లేచాడు. మర్యాదగానే అడిగాడు. మిగతా పన్నెండు వారాలు నిజమని మీకెలా తెలుసు?

ఐదు రోజులుగా నేను ఆ నాలుగు వారాల గురించే కుమిలిపోయాను. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మైకు ముందు నిలబడి వేదిక మీదున్న నీళ్ల సీసా వైపు చూశాను. నాకు తెలియదు, వెళ్లి అడగాలి అన్నాను. అతను థ్యాంక్స్ చెప్పి కూర్చున్నాడు. పెద్దావిడ భోజనానికి వెళదామంది. చప్పట్లు కొట్టారు, అందరికీ కొట్టినట్టే.

ప్లేటు తీసుకుని ఒక మూల నిలబడ్డాను. బడుల్లో ఇలాంటి పనులే చేయించే సంస్థలో ఉన్న ఒకావిడ నా పక్కకు వచ్చింది. మెల్లగా, మా దగ్గర కూడా ఇలా జరిగిందండీ, మేము చెప్పలేదు అంది. ఆ వెంటనే పెరుగన్నం దగ్గరకు వెళ్లిపోయింది. ఆ మాట నాకు ఊరట కాలేదు. పొద్దుటి నుంచీ ఆ తెర మీద చూసిన పట్టికలన్నీ, నిండుగా ఒక్క ఖాళీ లేకుండా ఉన్నవన్నీ, ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి.

ఫోను తీసి చూస్తే హెడ్మాస్టరు గారి నుంచి మూడు మిస్డ్ కాల్స్. మెట్ల మీద కూర్చుని చేశాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆ పాప పొద్దున వచ్చిందమ్మా. మీరెప్పుడొస్తారని అడిగింది. ఏదో కాగితం చేతిలో పెట్టుకోనుంది, నాకు ఇయ్యమంటే ఇయ్యలేదు" అన్నారు. తర్వాత, చెప్పేశారా అని అడిగారు. చెప్పానన్నాను. సరేలేమ్మా అని పెట్టేశారు.

మర్నాడు బడికి వెళ్లేసరికి ఆ అమ్మాయి ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఉంది. ముఖం ఎండకు కమిలిపోయింది. మొదటి రోజు భయపడి కడుపునొప్పి అని పడుకుందట. రెండో రోజు వాళ్లమ్మతో కలిసి వెనక వీధి ఆవిడ దగ్గరకు వెళ్లి, రాసింది నేనేనని చెప్పిందట. ఆమె ఏమందని అడిగాను. రమ్మని చెప్పి నీళ్లలోకి తీసుకెళ్లిందట. సాయంత్రం దాకా ఆమె పక్కన నడుములోతులో నిలబడిందట. అక్కడే ఒక్కొక్క శనివారం గురించీ అడిగిందట. ఆ రోజు గాలి ఎటు, రొయ్య ఎంత పడింది, మేము వచ్చినామా లేదా అని.

కాగితం నా చేతికిచ్చింది. పది వారాల పక్కన టిక్కు. రెండు వారాల పక్కన ప్రశ్న గుర్తు.

"ఈ రెండు వారాలు కూడా అక్క చెప్పలేదంట మేడం. ఆమె నీళ్లల్లో దూరంగా ఉంటే, పిల్లోళ్లు ఒడ్డు మీద నుంచే అడిగి, ఏదో వినపడిందని చెప్పినారు. నేను అదే రాసేసినాను."

ముందు రోజే తలవంచుకుని వచ్చాను, ఇప్పుడు ఇంకో రెండు. అయినా ఆ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు, నాలుగు నెలల్లో ఆ పట్టికను మొదటిసారి చదువుతున్నట్టనిపించింది. ఇద్దరం కూర్చుని ఆ రెండు గళ్లూ కొట్టేశాం. సాయంత్రం సదస్సువాళ్లకు మెయిల్ రాశాను. నేను చెప్పిన పన్నెండు కూడా తప్పు, మిగిలింది పదే అని. వారానికి జవాబు వచ్చింది, అందింది అని ఒక్క ముక్క. పై ఆఫీసు నుంచి ఎవరైనా అడుగుతారేమోనని రెండు నెలల పాటు ఆఫీసు గదిలో ఫోను మోగినప్పుడల్లా చెవులు అటే వెళ్లేవి. ఎవరూ అడగలేదు. అడగరని ఇప్పటికీ పూర్తి ధైర్యం లేదు.

పరీక్షలయ్యాక ఉప్పు కొలవడం మళ్లీ మొదలుపెట్టాం. ఆ అమ్మాయి ఇంటర్‌కు సూళ్లూరుపేట వెళుతోంది, శనివారం మధ్యాహ్నానికి మాత్రం రేవు దగ్గరకు వస్తుంది. ఇప్పుడు నేనూ తప్పకుండా వెళుతున్నాను. మొన్న ఒక శనివారం వెనక వీధి ఆమె నీళ్లు నాలిక మీద వేసుకుని, ఇంకో చుక్క వేసుకుని, తల అడ్డంగా ఊపింది. మూడు రోజులుగా జలుబు, ఏ రుచీ తెలియడం లేదంది. అమ్మాయి పెన్ను గడి మీద పెట్టి నా వైపు చూసింది. ఆమె చెప్పిందే రాయమన్నాను. జలుబు, రుచి తెలియలేదు అని రాసి, ఆమె దగ్గరకు తీసుకెళ్లి చదివి వినిపించింది. ఆమె సరేనని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నీళ్లలోకి దిగిపోయింది.